వద్దన్నకొద్దీ లాగుతారు

నేను పిరికివాణ్ణి. ఈ మాట మొదటే చెప్పేస్తే మీకూ నాకూ శ్రమ తగ్గుతుంది. ఎనిమిదేళ్లుగా కెనడాలో ఈ సస్కాచెవాన్ రాష్ట్ర శాసనసభలో సభ్యుణ్ణి, అంతకుముందు పదేళ్లు ఉప్పు నేలల ప్రొఫెసర్ని. పత్రికలవాళ్లు నా పేరు ముందు 'నిదానస్తుడు' అని తగిలిస్తారు. నిదానం కాదు, నా మొహం. భయపడ్డ మనిషి మెల్లగా మాట్లాడతాడు, మెల్లగా నడుస్తాడు, ఎవరి కంటా పడకుండా పోవాలని చూస్తాడు. దాన్ని ఇక్కడివాళ్లు పెద్దరికం అనుకున్నారు.

నా భయాలన్నీ ఒక ఎత్తు, ఒక్కటి మాత్రం ఒక ఎత్తు. ఎవరూ నా రెండు చేతులూ రెండు పక్కల నుంచి పట్టుకోకూడదు. డాక్టరు రక్తపోటు చూడటానికి ఒక చెయ్యి పట్టుకుంటే ఓర్చుకుంటాను. ఒకసారి ఎవరిదో పెళ్లిలో ఇద్దరు ముసలమ్మలు నాట్యానికి రమ్మని చెరో చెయ్యీ పట్టుకుని లాగితే, భోజనం పళ్లెం అక్కడే వదిలేసి మంచులోకి పరుగెత్తాను. నా భార్య అచీరో "మా ఆయనకి సిగ్గెక్కువ" అని సర్దిచెప్పింది. ఆమె అలాగే అనుకుంటోంది కూడా.

అసలు సంగతి ఇది. ఉగాండాలో, మా అచోలి తెగవాళ్ల ఊరు కిట్‌గుమ్‌లో, మా నాన్న యెరెమియా లతీగో జిల్లా మండలికి అధ్యక్షుడు. దేశం సైనికుల చేతిలో పడిన మొదటి నెల అది. మండలిని ఇంకా రద్దు చెయ్యలేదు. నాకు పంతొమ్మిదేళ్లు. రాజధాని కంపాలాలో చదువుతూ సెలవులకు వచ్చి, ఆ రోజు బస్సు దిగి ఇంకా ఇంటికి వెళ్లకుండానే సభామందిరం వెనక సందర్శకుల బల్ల మీద కూర్చున్నాను. నాన్న ఏదో బోరుబావి తీర్మానం చదువుతున్నాడు. ఇద్దరు సైనికులు లోపలికి వచ్చి కుర్చీకి అటొకడు ఇటొకడు నిలబడి, చెరో చెయ్యీ పట్టుకుని ఆయన్ని లేపారు. కొట్టలేదు, తిట్టలేదు, తీసుకుపోయారు. సభ్యులందరూ తమ చేతిలో కాగితాల్లోకి చూశారు. నేను నా చొక్కా అంచు చూసుకున్నాను. నాన్న నా పక్కనుంచే వెళ్లాడు, కానీ నా వైపు చూడలేదు. తాను చూస్తే వాళ్లూ చూస్తారని ఆయన భయం. తర్వాత ఆయన శవం కూడా మాకు దొరకలేదు.

ఆ రోజు నేను కంపాలాలో ఉన్నానని అందరికీ చెప్పాను. అమ్మకూ ఆ మాటే చెప్పాను, పెళ్లయ్యాక అచీరోకూ ఆ మాటే చెప్పాను. నాన్నను తీసుకుపోతుంటే లేచి ఒక్క మాట అనని కొడుకుని నేనని ఎవరికీ తెలియకూడదు. నా బతుకులో నేను కాపాడుకున్న ఆస్తి అదొక్కటే.

మరి ఇలాంటివాడు రాజకీయాల్లోకి ఎందుకొచ్చాడని అడుగుతారు. అచీరో రోజూ అడుగుతుంది. చెప్పాలంటే, మట్టి తీసుకొచ్చింది. ఇక్కడి పొలాల్లో అక్కడక్కడా తెల్లగా ఉప్పు పొంగి గోధుమ మొలవని మచ్చలుంటాయి. విశ్వవిద్యాలయం తరఫున వాటిని చూడటానికి ఊరూరా తిరిగేవాణ్ణి. చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని ఏ ఉప్పో చెప్పేవాణ్ణి. ప్రయోగశాలలో యంత్రాలు లేక కాదు. రైతుకు యంత్రం మీద నమ్మకం ఉండదు, తన మట్టి తిన్నవాడి మీద ఉంటుంది. అలా 'మట్టి డాక్టర్' అని పేరొచ్చింది. ఆ పేరు విని హిల్డా ఫ్రీసెన్ మా ఇంటికొచ్చింది.

హిల్డా రిటైరైన బడి పంతులమ్మ, మా నియోజకవర్గంలో పార్టీకి అధ్యక్షురాలు. ఆవిడ ఎవరినీ ఏదీ అడగదు, హాజరు పిలుస్తుంది.

"డాక్టర్, మీరు నిలబడుతున్నారు," అంది.

"నాకు రాజకీయాలు తెలియవు హిల్డా."

"తెలిసినవాళ్లు చేసింది చాల్లెండి. మీరు మా తమ్ముడి పొలంలో మట్టి తిన్నారు. ఇప్పటిదాకా ఇక్కడ నిలబడినవాళ్లంతా మా నోట్లో మట్టి కొట్టినవాళ్లే."

వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. రాలేదు. ఎదుటివాడికి కాదని చెప్పడం మా దేశంలో అందరం మానుకున్న అలవాటు. అలా రోట్లో తల దూర్చాను.

మొదటి పరీక్ష ఇంటింటికీ తిరగడం. ఒక తలుపు ముందు నిలబడ్డాను. లోపల ఎవరో నడుస్తున్న చప్పుడు. నేను కొడితే ఆ మనిషి గుండె ఏమవుతుందో నాకు తెలుసు. మా ఊళ్లో ఆ రోజుల్లో తలుపు చప్పుడైతే ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టేవాళ్లం. నా పిడికిలి గాల్లోనే ఆగిపోయింది.

"అదేంటి డాక్టర్, తలుపు కొట్టమంటే అలా నిలబడిపోయారు? కరుస్తుందా అది?" అంది హిల్డా వెనక నుంచి.

"లోపలివాళ్లు భయపడతారేమో."

"ఎవరిని చూసి, మిమ్మల్నా? మీ టోపీ చూసి కుక్క కూడా మొరగలేదండీ."

చివరికి మా పద్ధతే గుర్తొచ్చింది. మా అచోలి వాళ్లు ఎవరింటికి వెళ్లినా వాకిలి బయటే ఆగి, వచ్చిందెవరో ముందు గట్టిగా చెబుతారు. నేను మెట్లు దిగి మంచులో నిలబడి అరిచాను. "నేను లతీగోని! మట్టి డాక్టర్ని! ఒక్కణ్ణే వచ్చాను!"

"ఒక్కడేమిటి? నేను లెక్కలో లేనా?" అంది హిల్డా.

ప్రతి ఇంటి ముందూ అలాగే అరిచాను. ఇదేదో కొత్త ప్రచారం అనుకుని జనం తలుపులు తీసి నవ్వారు, కాఫీ ఇచ్చారు, ఓట్లు కూడా వేశారు. భయంతో చేసిన పనికి ఓట్లు పడతాయని అప్పుడే తెలిసింది.

గెలిచి మొదటిసారి సభలోకి వెళ్లిన రోజే నా ప్రాణం సగం పోయింది. ఆ రోజు స్పీకర్ని ఎన్నుకున్నారు. పేరు ప్రకటించగానే ముఖ్యమంత్రి ఒక పక్క, ప్రతిపక్ష నాయకుడు ఒక పక్క చేరి, కొత్త స్పీకర్ చెరో చెయ్యీ పట్టుకుని కుర్చీ దాకా ఈడ్చుకుపోయారు. ఆయన "వద్దు వద్దు" అంటూ బల్లకాలు పట్టుకున్నాడు. సభంతా బల్లలు చరుస్తూ నవ్వింది. ఎప్పుడో పాతకాలంలో, సముద్రాల అవతల ఇంగ్లండులో, రాజులకు నచ్చని మాట చెప్పిన స్పీకర్ల తలలు తీశారట. అందుకని ఆ కుర్చీ ఎవరికీ వద్దన్నట్టు నటించడం ఆనవాయితీ. అది వేడుకని నాకు చెప్పినవాడు లేడు. నేను బయటికి పరుగెత్తి, తొట్టి పట్టుకుని వాంతి చేసుకున్నాను. రెండోసారి ఎన్నికైనప్పుడు జ్వరమని చెప్పి ఇంట్లో పడుకున్నాను.

ఇక మూడోసారి. మేము ఇరవై తొమ్మిది మందిమి, వాళ్లు ఇరవై ఎనిమిది మంది. స్పీకర్ కుర్చీలో కూర్చున్నవాడు రెండు పక్కలా ఓట్లు సమానమైతే తప్ప ఓటు వెయ్యడానికి లేదు. అంటే మాలో ఒకడు కూర్చుంటే మాకున్న ఆ ఒక్క ఓటు ఆధిక్యం పోతుంది. వాళ్లలో ఒకడు కూర్చుంటే మేము హాయిగా ఉంటాం. అందుకే మా ముఖ్యమంత్రి లైల్ నార్డల్ అందరికీ కబురు పెట్టాడు. స్పీకర్ పదవి వద్దనుకునేవాళ్లు ముందురోజు సాయంత్రం ఐదు లోపు సభా కార్యదర్శికి ఉత్తరం ఇవ్వాలి. ఇవ్వనివాళ్లందరి పేర్లూ పోటీలో ఉన్నట్టే. కాబట్టి మనవాళ్లంతా ఉత్తరాలిచ్చెయ్యండి అని. ప్రతిపక్షంలో ఒక ముసలాయన పోటీలో ఉండటానికి ఒప్పుకున్నాడట, కాబట్టి ఇబ్బంది లేదట.

ఆ ఉత్తరం నాకంటే ఎవరికి ఎక్కువ అవసరం? మధ్యాహ్నం రెండింటికే కాగితం తీశాను. 'నాకు ఈ పదవి వద్దు' అని రాశాను. కింద సంతకం చెయ్యాలి. కలం ఆగిపోయింది.

నవ్వకండి. మా దేశంలో సైనికుల లారీలు రావడానికి ముందు కాగితాలు వచ్చేవి. ఎవరు కాదన్నారు, ఎవరు రామన్నారు, ఎవరు సంతకం పెట్టారు అని. కాదన్నవాళ్ల జాబితాలో పేరుండటం కంటే పెద్ద ప్రమాదం లేదని మా పిల్లలకు అక్షరాలతో పాటే నేర్పేవాళ్లం. ఇది కెనడా అని నాకు తెలుసు. నా చేతికి తెలియదు. నాలుగు ఉత్తరాలు రాశాను, నాలుగూ చించాను. నాలుగున్నరకు కుర్చీలో వెనక్కి వాలి నాకు నేను చెప్పుకున్నాను, యాభై ఏడుమందిలో నీకెవడు వేస్తాడులే అని. ఐదు కొట్టింది. హమ్మయ్య అనుకున్నాను. అంత తెలివైనవాణ్ణి.

మర్నాడు పొద్దున అచీరో రాగి జావలో నువ్వుల ముద్ద కలిపి పెట్టింది. గిన్నె పక్కకి జరిపాను.

"నేనూ రానా సభకి? మొదటి రోజు కదా," అంది.

"ఎందుకు, బయట చలి ఎక్కువగా ఉంది."

"ఈ ఊళ్లో చలి ఎప్పుడు తక్కువయ్యా? పాతికేళ్లుగా అదే మాట. నీ సభలో నన్ను చూస్తే నీకు నామోషీనా?"

"అది కాదు అచీరో."

"మరేదో చెప్పు."

కోటు తొడుక్కుని వచ్చేశాను.

పది గంటలకు సభా కార్యదర్శి పెండర్ నా గదికి వచ్చాడు. ఆయన నలభై ఏళ్లుగా అక్కడే ఉన్న మనిషి. నవ్వితే నియమావళి చిరుగుతుందేమో అన్నట్టుంటాడు. ఆ రోజు నవ్వుతున్నాడు.

"అభినందనలు డాక్టర్ లతీగో. నా సర్వీసులో ఇలాంటిది చూళ్లేదు. యాభై ఆరుమంది వద్దని రాసిచ్చారు. ఒక్కరు రాయలేదు."

ఆ ముసలాయన ఐదుకి ఐదు నిమిషాలుందనగా తన ఉత్తరం కూడా ఇచ్చేశాడు. అది ప్రతిపక్షం వేసిన ఎత్తు. ఇక పోటీ లేదు, ఓటింగు లేదు. జాబితాలో ఉన్నది ఒక్క పేరు. మధ్యాహ్నం ఒకటిన్నరకు ఆ పేరు చదువుతారు.

కాగితం, కలం ముందుకు లాక్కున్నాను. "ఇప్పుడు ఉత్తరం ఇస్తాను. ఇప్పుడే రాస్తాను."

"గడువు నిన్నటితో అయిపోయిందండీ."

"అయితే సభలోనే లేచి వద్దని చెబుతాను."

"తప్పకుండా చెప్పండి. అందరూ చెబుతారు. ఎంత గట్టిగా చెబితే అంత ముచ్చటపడతారు," అన్నాడు పెండర్.

అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. ఈ భవనంలో ఈ ఒక్క రోజున 'వద్దు' అనే మాటకు అర్థం లేదు. ఎంత వద్దంటే అంత లాగుతారు.

కారిడార్లో నార్డల్ ఎదురయ్యాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషి, కుర్రతనంలో హాకీ ఆడినవాడు. ఆ చేతుల్ని చూసి ఒక అడుగు వెనక్కి వేశాను.

"ఏమయ్యా లతీగో, ఒక్క కాగితం ముక్క! ఒక్క సంతకం! అదే కదా నేనడిగింది? నీ మూలంగా ఇప్పుడు వాళ్లూ ఇరవై ఎనిమిది, మేమూ ఇరవై ఎనిమిది. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇక ప్రతి బిల్లుకీ నీ కుర్చీ కాళ్లు పట్టుకోవాలి మేం."

"తప్పు నాదే లైల్. ఒక్కటి అడుగుతాను. నేనే నడిచి వెళ్లి కూర్చుంటాను. మీరు నన్ను పట్టుకోవద్దు."

ఆయన కోపం ఎటుపోయిందో, ఫక్కున నవ్వాడు. "అబ్బో! ఒకటిన్నర కాకముందే మొదలెట్టేశావే!"

"నటన కాదు. నిజంగా చెబుతున్నాను. నా చేతులు ముట్టుకోవద్దు."

"నిజంగానే అని అందరూ అంటారయ్యా. నువ్వు కొత్తగా వచ్చినప్పుడు ఆ స్పీకరు బల్లకాలు వదల్లేదు, గుర్తులేదూ? నువ్వు ప్రొఫెసరువి, ఇంకా బాగా చెయ్యాలి." నా భుజం చరిచి వెళ్లిపోయాడు.

ప్రతిపక్ష నాయకుడు డగ్ బొహాచ్ దగ్గరికి వెళ్లాను. సన్నటి మనిషి, గడగడా మాట్లాడే లాయరు. అతనికైనా అర్థమవుతుందని ఆశ. "డగ్, దయచేసి విను. నన్ను లాగకండి. నాకు ఒంట్లో బాగోదు."

బొహాచ్ నా మొహంలోకి చూశాడు. ఒక్క క్షణం అతని కళ్లలో ఏదో అనుమానం కదిలింది. ఎందుకని అడిగితే చెప్పేసేవాణ్ణేమో. అతను అడగబోయాడు కూడా. "ఒంట్లో అంటే? గుండెజబ్బు లాంటిదేమన్నానా?"

అవునంటే సరిపోయేది. ఆ అబద్ధం నోటిదాకా వచ్చింది. అయితే గుండెజబ్బంటే డాక్టరు వస్తాడు, అచీరోకు ఫోను చేస్తారు, ఆమె వచ్చి ఈయనకు గుండెజబ్బేమిటని అడుగుతుంది. ఒక ప్రశ్న వెనక ఇంకొకటి, చివరికి కిట్‌గుమ్ దాకా పోతాయి. "లేదు," అన్నాను.

"హమ్మయ్య, భయపెట్టేశావు కదయ్యా," అని నవ్వాడు. "చెమటలు కూడా పట్టించుకున్నావే! మావాళ్లు ఎవరూ నీకు సాటిరారు."

ఒంటిగంటకు కారు తాళాలు తీసుకుని పక్క గుమ్మం వైపు నడిచాను. పారిపోదామనే. రాజీనామా ఇంటి నుంచి పంపొచ్చు. హిల్డా తిడుతుంది, పత్రికలు నవ్వుతాయి, నవ్వనీ. గుమ్మం దగ్గర యూనిఫాం వేసుకున్న కాపలా మనిషి ఉన్నాడు. ఇక్కడ సభ కాపలా పనిలో ఉండేవాళ్లంతా పాత సైనికులు. రొమ్ము మీద పతకాలతో, తెల్ల మీసంతో పెద్దమనిషిలా ఉన్నాడు. 

"ఇటు కాదు డాక్టర్, సభ అటు," అన్నాడు మర్యాదగా.

యూనిఫాం వేసుకున్న మనిషి అటు అంటే నేను అటే వెళతాను. ఇరవై ఏడేళ్లయినా కాళ్లకు ఆ అలవాటు పోలేదు. వెనక్కి తిరిగాను.

సభ నిండిపోయింది. స్పీకర్ కుర్చీ ఖాళీగా, మూడు మెట్ల మీద ఎత్తుగా ఉంది. పైన గ్యాలరీలో జనం. తల ఎత్తి చూశాను. ముందు వరసలో హిల్డా, ఆవిడ పక్కన పచ్చ తలపాగా చుట్టుకుని అచీరో. హిల్డా నాకు చెయ్యి ఊపింది. ఆశ్చర్యపరుద్దామని ఈవిడే వెళ్లి వెంటబెట్టుకొచ్చిందన్న మాట. అచీరో మొహం వెలిగిపోతోంది. ఈ ఆనవాయితీ గురించి ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. నేను అసలే చెప్పలేదు.

పెండర్ లేచి నిలబడ్డాడు. ఏదో చదివాడు. చివర నా పేరు మాత్రం వినిపించింది. బల్లలు దద్దరిల్లాయి.

నేను లేచాను. "నాకు వద్దు. దయచేసి, నాకు వద్దు," అన్నాను. సభ గొల్లుమంది. అటు నుంచి నార్డల్, ఇటు నుంచి బొహాచ్ వచ్చారు, నవ్వుకుంటూ, చొక్కా చేతులు సవరించుకుంటూ. వెనక్కి జరిగాను. నా కుర్చీ అడ్డుపడింది. నార్డల్ కుడి చెయ్యి పట్టుకున్నాడు. బొహాచ్ ఎడమ చెయ్యి పట్టుకున్నాడు.

తర్వాత జరిగింది నాకు ముక్కలుగానే గుర్తు. గట్టిగానే తన్నాను. బొహాచ్ కళ్లజోడు ఎగిరి పడింది. "శభాష్!" అని ఎవరో అరిచారు. నార్డల్ చెవిలో "చాలు చాలు, బాగా చేశావు, ఇక నడు," అంటున్నాడు, నవ్వుతోనే, పట్టు మాత్రం బిగిస్తూ. కార్పెట్ మీద నా కాళ్లు ఈడ్చుకుపోతున్నాయి. నేను అరుస్తున్నాను. ఇంగ్లీషు ఎప్పుడో పోయింది. మా అచోలి భాషలో అరుస్తున్నాను. "ఆయనెవరో నాకు తెలీదు! నేను ఊరికే చూడ్డానికొచ్చాను! ఈ బల్ల మీద ఊరికే కూర్చున్నాను! ఆయన మా నాన్న కాదు!"

ఆ రోజు కిట్‌గుమ్‌లో, నన్ను కూడా అడిగితే చెప్పడానికి నేను నోట్లో సిద్ధం చేసుకున్న మాటలు అవి. ఎవరూ అడగకపోవడంతో లోపలే మిగిలిపోయాయి. సభకు అవేవీ అర్థం కాలేదు. అందరూ కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు.

పైనుంచి ఒక కేక లేచింది.

"వదలండ్రా! నా మొగుణ్ణి వదలండ్రా! ఎక్కడికి తీసుకుపోతున్నార్రా ఆయన్ని?"

అచీరో గ్యాలరీ కమ్మీ మీదికి సగం ఒరిగిపోయింది. తలపాగా జారిపోయింది. అచోలిలో అరుస్తోంది, శాపాలు పెడుతోంది, కాలి జోడు తీసి విసిరింది. అది ఎవరి బల్ల మీదో పడింది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. హిల్డా ఆమె నడుం పట్టుకుని, "అచీరో, అది వేడుకమ్మా, వేడుక!" అంటోంది, ఆమె వినట్లేదు.

గ్యాలరీలో సందర్శకులు నోరెత్తకూడదు. అది నియమం. ఇద్దరు కాపలావాళ్లు వచ్చారు, యూనిఫాంలో, పతకాలతో. అచీరోకు అటొకడు, ఇటొకడు నిలబడ్డారు. చెరో చెయ్యీ పట్టుకున్నారు. లేపారు.

నార్డల్, బొహాచ్ పైకి చూస్తూ నన్ను వదిలేశారు. బొహాచ్ కళ్లజోడు లేక కళ్లు చికిలిస్తున్నాడు. సభలో ఎవరూ ఏమీ అనలేదు. అనలేరు. గ్యాలరీ కాపలావాళ్లకు ఆజ్ఞ ఇవ్వగలిగినవాడు స్పీకర్ ఒక్కడే, ముఖ్యమంత్రి మాట కూడా అక్కడ చెల్లదు. ఆ సంగతి ఆ హాల్లో ప్రతివాడికీ తెలుసు. కొందరు తలలు దించుకుని ముందున్న కాగితాలు చూసుకుంటున్నారు.

చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ధైర్యం వచ్చిందని మీకు చెప్పాలని ఉంది గానీ రాలేదు. అంత భయం నా జన్మలో ఎప్పుడూ పడలేదు. ఆ భయంతోనే మెట్లెక్కాను. రెండో మెట్టు మీద పడబోయి చేతులు ఆనించి లేచాను. ఎవరూ లాగకుండా ఆ కుర్చీలో కూర్చున్నాను.

"ఆమెను వదలండి," అన్నాను.

వదిలేశారు. ఆ క్షణమే. ఇద్దరూ ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు కిందికి వేలాడేసి నిలబడ్డారు.

ఇంత చిన్న మాటా అది! నాన్న సభలో ఆ మాట అని ఉంటే వాళ్లు వదిలేవాళ్లు కాదు, నన్నూ తీసుకుపోయేవాళ్లు. అది నాకు తెలుసు. ఇరవై ఏడేళ్లుగా రోజూ నాకు నేను చెప్పుకుంటూ బతికాను. అయినా ఆ రోజు నేను అననిది ఈ మాటే.

పెండర్ మెట్ల దగ్గరికి వచ్చి మెల్లగా, "ముందు సభకు కృతజ్ఞతలు చెప్పాలండీ," అన్నాడు. నేను ఆయన్ని చూడటం లేదు. అచీరో కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది, ఒక కాలికే జోడుతో. ఏడవట్లేదు. నన్ను ఈడ్చుకుపోతుంటే నేను అరిచిన మాటలు ఆ హాల్లో అర్థమైన మనిషి ఆమె ఒక్కతే. వాటిని ఒక్కొక్కటే పేర్చుకుంటున్నట్టు నా వైపు చూస్తోంది.

"ఓచాన్," అని నన్ను పేరు పెట్టి పిలిచింది. పెద్దగా అనలేదు. అంత నిశ్శబ్దంలో అందరికీ వినబడింది, ఎవరికీ అర్థం కాలేదు. "ఆ రోజు నువ్వు అక్కడే ఉన్నావు కదూ?"

సభలో పలికిన ప్రతి మాటా రాసుకునే అమ్మాయి కలం పట్టుకుని నా మొహం వైపు చూస్తోంది. యాభై ఆరుమందీ చూస్తున్నారు. లేదని చెప్పొచ్చు. పాతికేళ్లు చెప్పినవాణ్ణే.

"ఉన్నాను," అన్నాను.